బడి వెతకడం నాలుగో తరగతిలోనే మొదలవ్వాలి

(సంఘం వార్షిక సమావేశంలో విద్యా కమిటీ తరపున చేసిన ప్రసంగ పాఠం)



 ఏటా ఈ సభలో ఎన్ని నోటు పుస్తకాలు పంచామో, ఎందరికి ఫీజులు కట్టామో చెబుతూ వచ్చాం. ఆ లెక్కలు కోశాధికారిగారి నివేదికలో ఉన్నాయి, మళ్ళీ చదవం. లెక్కల్లోకి ఎక్కని ఒక పని గురించి ఇవాళ మాట్లాడతాం. పిల్లని ఏ హైస్కూల్లో వెయ్యాలి, సీటు ఎప్పుడు అడగాలి, ఏ కాగితం పట్టుకుని వెళ్ళాలి అని తల్లిదండ్రుల పక్కన కూర్చుని చెప్పే పని అది.

మన రెండు జిల్లాల్లో మనం కొత్తవాళ్ళం కాదు. శ్రీకాకుళం జామియా మసీదు 1641 నాటిదంటారు. కానీ ఉన్నది బహు కొద్దిమందిమి. 2011 జనగణన చూస్తే శ్రీకాకుళం జిల్లాలో గాని, విజయనగరం జిల్లాలో గాని నూటికి ఒక్కరం కూడా లేము. పట్నాల్లో ఒకటి రెండు వీధులు, మండలాల్లో అయితే నాలుగైదు ఇళ్ళు. ఇందులో ఒక చిక్కుంది. గుంటూరులోనో కర్నూల్లోనో పక్కింటి అబ్బాయి గురుకులంలో చదువుతుంటే ఆ సంగతి గోడ దాటి మనింటికి వస్తుంది. దరఖాస్తు ఎక్కడ పెట్టారు, పరీక్ష ఎలా ఉంది, హాస్టల్లో తిండి ఎలా ఉంది, అన్నీ ఆ ఇంటి తల్లిని అడిగితే తెలుస్తాయి. టెక్కలిలో పరుపులు కుట్టే ఆయనకి, సాలూరులో లారీల షెడ్డులో పనిచేసే తమ్ముడికి ఆ పక్కిల్లు లేదు. వాళ్ళింటికి నడిచొచ్చేది ప్రైవేటు స్కూలు పాంప్లెట్ ఒక్కటే. దాని మీద పోయినేటి ర్యాంకర్ల ఫొటోలుంటాయి. నవోదయ నోటిఫికేషన్ ఎవరింటికీ నడిచి రాదు.

అందుకే తల్లిదండ్రుల దగ్గర మేము ఎక్కువగా వినే మాట ఇది: "గుంటడు ఐదు పాసవనీండి మాస్టారూ, అప్పుడు సూద్దాం." వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఐదుతో చిన్నబడి అయిపోతుంది, ఆరుతో పెద్దబడి మొదలవుతుంది, మధ్యలో వేసవి సెలవులున్నాయి, ఆలోచించుకోవచ్చు అనుకుంటారు. జూన్ 12కి బళ్ళు తెరిచే ముందు వారం మా దగ్గరికి వస్తారు. అప్పటికి మంచి తలుపులన్నీ మూసుకుని ఉంటాయి.

ఒక్కొక్క తలుపు ఎప్పుడు తెరుస్తారో చెబుతాం, వినండి.

ప్రభుత్వ గురుకులాల్లో, అంటే ఏపీఆర్ఎస్‌లలో, మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ గురుకులాల్లో, అంబేడ్కర్ గురుకులాల్లో చేరే తరగతి ఐదు. ఆరు కాదు. కాబట్టి పిల్లవాడు నాలుగో తరగతి చదువుతుండగానే దరఖాస్తు పడాలి, నాలుగో తరగతి పాఠాల మీదే ప్రవేశ పరీక్ష రాయాలి. ఐదు పూర్తయ్యాక వెళితే ఎవరో మానేసిన సీటు ఖాళీగా ఉంటే ఇస్తారు, లేకపోతే లేదు. ఈ ఒక్క సంగతి తెలియక మన ఇళ్ళల్లో ఎన్ని సీట్లు పోతున్నాయో!

నవోదయ సంగతి వేరు. అక్కడ ఆరో తరగతిలో చేర్చుకుంటారు, ఐదు చదువుతుండగా పరీక్ష రాయాలి. శ్రీకాకుళం జిల్లాకి సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలో, విజయనగరం జిల్లాకి శృంగవరపుకోట దగ్గర కిల్తంపాలెంలో ఉన్నాయి. ఒక్కో విద్యాలయంలో ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 80 సీట్లు. అందులో మూడో వంతు ఆడపిల్లలకి. ఆరు నుంచి ఎనిమిది వరకు చదువు, తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ ఉచితం. తొమ్మిది నుంచి నెలకి 600 రూపాయల విద్యాలయ వికాస నిధి ఉంది గాని ఆడపిల్లలకి, దారిద్ర్యరేఖకి దిగువనున్న కుటుంబాల పిల్లలకి అదీ ఉండదు. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఒక్కసారే రాయాలి. ఈ ఏడు తప్పితే వచ్చే ఏడు చూద్దామనడానికి లేదు. తొమ్మిదిలో ఖాళీలుంటే ఇంకో పరీక్ష పెడతారు, అది వేరే పోటీ.

ఆ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. సగం మార్కులు మానసిక సామర్థ్యానికి, అంటే బొమ్మల్లో తేడాగా ఉన్నది గుర్తించడం, సగం గీసిన బొమ్మని పూర్తి చెయ్యడం లాంటివి. మిగతా సగంలో లెక్కలు, భాష. తెలుగులోనే రాయొచ్చు. మన పిల్లలు వెనకబడేది తెలివి లేక కాదు. అలాంటి బొమ్మలు వాళ్ళకి ఏ క్లాసులోనూ కనపడవు. ఓఎంఆర్ షీటు సంగతీ అంతే. సున్నా మొత్తం నింపాలని, రెండు సున్నాలు నింపితే ఆ జవాబు పోతుందని పదేళ్ళ పిల్లకి ఎవరో ఒకరు ముందుగా చూపించాలి. ఆదివారం పూట రెండు గంటల చొప్పున మూడు నెలలు కూర్చోబెడితే చాలు, భయం పోతుంది. సీటు వస్తుందని మేము ఎవరికీ మాటివ్వం.

ఇక్కడ ఒక నిబంధన దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన వాళ్ళు సొంత డబ్బు పోసి మరీ దానికి బలవుతున్నారు. నవోదయ సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంతపు పిల్లలకి. గ్రామీణ అనిపించుకోవాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లెలోని బళ్ళో చదివి ఉండాలి. మధ్యలో కొన్నాళ్ళు పట్నం బళ్ళో చదివినా పట్నం పిల్లాడి కిందే లెక్క. పల్లెలో ఇల్లున్న తండ్రి మూడో తరగతిలో పిల్లాణ్ణి వ్యాను ఎక్కించి పట్నం స్కూలుకి పంపుతాడు. ఫీజు కడతాడు, వ్యాను డబ్బు కడతాడు. ఇంత కట్టి కొనుక్కున్నదేమిటంటే, ఆ ముప్పావు వంతు సీట్ల నుంచి పిల్లాడి పేరు బయటికి రావడం. చదువు కొంచెం మెరుగుపడిందేమో, మేము కాదనం. కానీ ఈ లెక్క తెలిసి పంపడం వేరు, తెలియక పంపడం వేరు.

విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు గురించి చాలామంది అడుగుతుంటారు. 1962 జనవరిలో మొదలైంది. పూసపాటి వారి ప్యాలెస్‌ని పి.వి.జి. రాజుగారు బడి కోసం ఇచ్చేశారు. దాతల సభ కాబట్టి ఈ మాట చెప్పాలనిపించింది. ఆరులోను, తొమ్మిదిలోను చేర్చుకుంటారు. ఆరో తరగతికి వయసు మార్చి 31 నాటికి పదికి పన్నెండుకి మధ్య ఉండాలి. అఖిల భారత పరీక్షలో 300 మార్కులకి 150 లెక్కలవే. తెలుగులో రాయొచ్చు. ఆడపిల్లలకి కూడా 2021 నుంచి ప్రవేశం ఉంది. అయితే ఇది ఉచితం కాదు. ఏడాది ఖర్చు లక్ష దాటుతుంది. ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్పులున్నాయి గాని, అవి చేతికందేలోపు కట్టవలసిన మొదటి విడత చూసి వెనక్కి తగ్గేవాళ్ళుంటారు. సంఘం పెద్ద చెయ్యి వెయ్యవలసిన చోటు ఏదైనా ఉంటే అదీ.

ఆడపిల్లలకి కస్తూర్బా విద్యాలయాలున్నాయి. ఆరులో చేరొచ్చు, పరీక్ష లేదు, అంతా ఉచితం. తండ్రి లేని పిల్లలకి, బడి మానేసిన పిల్లలకి, పేద ఇళ్ళ పిల్లలకి ముందు అవకాశం. పరీక్ష లేదు కదా అని చిన్నచూపు చూస్తారు, అది సరికాదు. ఆదర్శ పాఠశాలల్లో ఆరో తరగతికి ఐదో తరగతి సిలబస్ మీద ప్రవేశ పరీక్ష ఉంటుంది, చదువు ఇంగ్లీషు మీడియంలో.

ఆడపిల్లని హాస్టల్‌కి పంపడమన్నది మన ఇళ్ళల్లో పెద్ద మాట. పిల్లకి సీటు వచ్చిందని చెబితే తండ్రి సంతోషించాడు గాని, తల్లి కన్నీళ్ళు పెట్టుకున్న ఇళ్ళు చూశాం. "వహాఁ ఖానా హలాల్ మిల్తా క్యా?" అన్నది మొదటి ప్రశ్న. నమాజుకి చోటుంటుందా, రంజాన్‌లో సహరీకి లేస్తే ఎవరైనా ఏమైనా అంటారా, ఖురాన్ చదువు ఆగిపోతుందా, రోజూ ఫోన్లో మాట్లాడనిస్తారా? ఇవి అనవసరపు భయాలని కొట్టిపారేసే ఉపాధ్యాయులుంటారు. మేము అలా అనం. తల్లి అడిగే హక్కున్న ప్రశ్నలే ఇవి, జవాబు చెప్పవలసింది కూడా ఆ బడివాళ్ళే. అందుకని దరఖాస్తు పెట్టకముందే తల్లిని తీసుకెళ్ళి బడి చూపిస్తున్నాం. గేటు, స్నానాల గదులు, వంటశాల, పడుకునే హాలు చూసి, ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడి వస్తే సగం సందేహాలు తీరతాయి. మాంసం వడ్డించిన రోజున గుడ్డు, పప్పుతో సరిపెట్టుకునే పిల్లలున్నారు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు నాజిరా చదువు కొనసాగించేందుకు ఇమామ్ సాహెబులు ఒప్పుకున్న ఊళ్ళున్నాయి. అయినా వద్దని ఆ తల్లి అంటే వద్దనే. బలవంతంగా హాస్టల్లో దింపిన పిల్ల దసరాకి వచ్చి మళ్ళీ వెళ్ళదు. సీటు ఖాళీ, బడీ పోయింది.

ఇంతవరకు చెప్పినవన్నీ పోటీ ఉన్న సీట్లు. ఎంత బాగా చదివినా ఎక్కువమందికి రావు. అందుకని మిగతా మాట కూడా చెప్పాలి. మన పిల్లల్లో ఎక్కువమందికి సరైన బడి ఊరికి దగ్గర్లో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలే అని మా నమ్మకం. బీఈడీ చదివి, ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాకే ఈ మాట అంటున్నాం. అక్కడ ప్రతి సబ్జెక్టుకి పోటీ పరీక్షల్లో ఎంపికై వచ్చిన ఉపాధ్యాయుడుంటాడు. పాఠ్యపుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకి మూడు భాషల మధ్య నడిచే మెట్టు అది. ఆడపిల్లలకి దూరం అడ్డనుకుంటే, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టుకి డబ్బు అక్కర్లేదు.

పైగా సర్కారు బడి పిల్లలకే ఉన్న ఒక మేలు ఉంది. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే పరీక్ష రాసి గెలిస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు స్కాలర్‌షిప్పు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకే అర్హత. ప్రైవేటు బళ్ళో చదివే పిల్లాడికి లేదు. ఇక్కడ కూడా అదే లెక్క: ఫీజు కట్టి అర్హత పోగొట్టుకోవడం.

ప్రైవేటు బడి వద్దని మేము అనడం లేదు. మీలో చాలామంది పిల్లలు, మాలో కొందరి పిల్లలు కూడా అక్కడే చదివారు. వెయ్యాలనుకుంటే కొన్ని ప్రశ్నలు అడిగి వెయ్యమంటున్నాం. ప్రభుత్వ గుర్తింపు ఎన్నో తరగతి వరకు ఉంది? కొన్నిచోట్ల ఏడు వరకే గుర్తింపు ఉండి, పదో తరగతి పరీక్షకి పిల్లల్ని వేరే బడి పేరు మీద పంపుతారు. ఫీజు అని చెప్పిన దాంట్లో పుస్తకాలు, యూనిఫాం, బస్సు కలిసి ఉన్నాయా? లెక్కలు చెప్పే ఆయన పోయినేడు ఉన్నాయనేనా? బోర్డు మీద 'టెక్నో', 'ఒలింపియాడ్', 'ఐఐటీ ఫౌండేషన్' అని ఎన్ని రాసి ఉన్నా ఈ మూడు ప్రశ్నలకి జవాబు రాకపోతే ఆ బోర్డు వల్ల ప్రయోజనం లేదు.

టీసీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మధ్యలో బడి మారుద్దామంటే ఫీజు బాకీ ఉందని టీసీ ఆపేశారని ఏడ్చుకుంటూ వచ్చిన తల్లులున్నారు. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చదివి చూపించాం. ఎనిమిదో తరగతి వరకు ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళోకి మారే పిల్లకి టీసీ వెంటనే ఇవ్వాలి. అది రావడం ఆలస్యమైందని కొత్త బడివాళ్ళు చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. అదే చట్టం పద్నాలుగో సెక్షన్ ప్రకారం వయసు రుజువు కాగితం లేదని కూడా చేర్చుకోనని అనకూడదు. చట్టం కాగితం చేతిలో ఉంటే మాట్లాడే గొంతు మారుతుంది. అదే చట్టంలోని 25 శాతం ఉచిత సీట్ల గురించి ఆరో తరగతి పిల్లల కోసం వచ్చి అడుగుతుంటారు. మన రాష్ట్రంలో అవి ఒకటో తరగతి ప్రవేశానికి. చిన్నపిల్లలున్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

ఇక కాగితాలు. మా పనిలో సగం ఇదే. షేక్ అన్న ఇంటిపేరు తీసుకోండి. ఇంగ్లీషులో ఆధార్‌లో ఎస్-హెచ్-ఎ-ఐ-కె అని ఉంటుంది. బడి రికార్డులో ఎస్-హెచ్-ఇ-ఐ-కె. జనన ధ్రువపత్రంలో ఉత్త ఎస్-కె, పక్కన చుక్క. తల్లి పేరు ఒకచోట బీబీ, ఇంకోచోట బేగం. పుట్టిన తేదీ తెలియక ఆధార్‌లో జనవరి 1 అని వేయించిన పిల్లలు ఎంతమందో. ఇంట్లో ఎవరికీ ఇందులో తేడా కనపడదు, మనిషి ఒకరే కదా. కంప్యూటర్‌కి మాత్రం వీళ్ళు ముగ్గురు వేరువేరు పిల్లలు. చివరి తేదీకి రెండు రోజుల ముందు ఈ తేడా బయటపడితే చేసేదేమీ లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడం ఒక్కసారే, పేరు రెండుసార్లే. కాబట్టి తొందరపడి నెట్ సెంటరులో ఏదో ఒకటి మార్పించుకోకూడదు. ముందు జనన ధ్రువపత్రం సరిచేసుకుని, దాన్ని బట్టి ఆధార్, దాన్ని బట్టి బడి రికార్డు, ఈ వరసలో రావాలి. ఐదేళ్ళు నిండాక చేయించవలసిన వేలిముద్రల అప్‌డేట్ మన పిల్లల్లో చాలామందికి కాలేదు. అదీ చూసుకోవాలి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకైతే కొత్త చట్టం ప్రకారం బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే ఆధారం. కొత్త కోడళ్ళు ఉన్న ఇళ్ళవాళ్ళు ఆస్పత్రి నుంచి వచ్చే ముందే ఆ పని చూసుకోండి.

కుల ధ్రువీకరణ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. మనలో షేక్‌లు, ఖురేషీలు, మరికొన్ని తెగలవాళ్ళు బీసీ-ఈ కిందికి వస్తారు. 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం అది. దూదేకుల వారు బీసీ-బీ. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొఘల్‌లు ఈ జాబితాలో లేరు. ఆదాయం తక్కువైన వాళ్ళు ఈడబ్ల్యూఎస్ కింద చూసుకోవాలి. రాష్ట్ర గురుకులాలకి బీసీ-ఈ పత్రం సరిపోతుంది. నవోదయకి, సైనిక్ స్కూలుకి ఓబీసీ అంటే కేంద్ర జాబితా. రెండు జాబితాలు ఒకటి కావు. దూదేకుల పేరు రెండింటిలోనూ ఉంది. మిగతావారు కేంద్ర జాబితాలో తమ పేరుందో లేదో చూసుకున్నాకే ఆ గడిలో టిక్కు పెట్టాలి. లేకుండా టిక్కు పెడితే సీటు వచ్చినట్టే వచ్చి, పత్రాలు చూసే రోజున పోతుంది. అలా ఒక పిల్ల తండ్రి వెన్నెలవలస నుంచి వట్టి చేతులతో తిరిగొస్తే ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలి?

ఇప్పుడు దాతలతో ఒక మాట. మీరిచ్చేది రంజాన్‌లో ఇస్తారు. బళ్ళు తెరిచే జూన్‌లో మరికొంత ఇస్తారు. రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. దరఖాస్తుల కాలం ఎక్కడిదక్కడే ఉంటుంది. నవోదయ దరఖాస్తు బళ్ళు తెరిచిన కొద్ది నెలల్లోనే వస్తుంది, సైనిక్ స్కూలుది ఏడాది చివర్లో, గురుకులాలవి, ఆదర్శ, కస్తూర్బా బళ్ళవి సంక్రాంతి దాటాక. మా చేతికి డబ్బు నిండుగా వచ్చే నెలలకీ, ఈ పని ఉన్న నెలలకీ పొంతన కుదరదు. జూన్‌లో పంచే బ్యాగుకి ఫొటో ఉంటుంది. సెప్టెంబరులో ఒక తల్లితో సచివాలయానికి నాలుగుసార్లు తిరిగి స్పెల్లింగు సరిచేయించిన వాలంటీరుకి ఫొటో ఉండదు, ఆటో చార్జీ మాత్రం ఉంటుంది. జకాత్ సొమ్ము ఈ పనికి వాడొచ్చా అని కొందరు అడిగారు. అది ఉలమాలు చెప్పవలసిన మాట, మేము చెప్పం. అంతవరకు సదకా, సాధారణ విరాళాల నుంచే ఈ ఖర్చు పెట్టమని కార్యవర్గాన్ని కోరాం.

అడుగుతున్నది ఎక్కువేం కాదు. విజయనగరంలో ఒకటి, శ్రీకాకుళంలో ఒకటి, ఆదివారం పూట బల్ల వేసుకోవడానికి ఫ్యానున్న గది. ఒక కంప్యూటరు, స్కానరు. నెలజీతం మీద ఒక కుర్రాడు, కుదిరితే ఒక అమ్మాయి కూడా, ఎందుకంటే తల్లులు ఆమెతోనే మనసు విప్పి మాట్లాడతారు. రెవెన్యూలోనో విద్యాశాఖలోనో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దలు ఎవరైనా వారానికి ఒక పూట ఇస్తే, ఏ కాగితం ఏ బల్ల మీద ఆగుతుందో వాళ్ళకి తెలిసినంతగా మాకు తెలియదు. సాలూరు, బొబ్బిలి, పలాస, ఇచ్ఛాపురం వైపు జుమా రోజున నమాజు తర్వాత ఐదు నిమిషాలు మాట్లాడనివ్వమని మసీదు కమిటీలని అడుగుతున్నాం. ఒకటి రెండు కమిటీలు ఒప్పుకున్నాయి.

నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలున్నవాళ్ళు భోజనాలకి వెళ్ళే ముందు గుమ్మం పక్క బల్ల దగ్గర పిల్ల పేరు, బడి పేరు, మీ ఫోను నంబరు రాయించండి. ఆధార్ కార్డు, జనన ధ్రువపత్రం వెంట తెచ్చుకున్నవాళ్ళుంటే రెండూ పక్కపక్కన పెట్టి ఇవాళే చూస్తాం.